సూర్యుడి ఇరుగుపొరుగులో ఎన్ని నక్షత్రాలు? లెక్క ఎక్కడ చిక్కుపడుతోంది

సూర్యుడి చుట్టుపక్కల ఎన్ని నక్షత్రాలున్నాయని వెతికితే ఒకచోట 540 అని ఉంటుంది. మరోచోట సుమారు 3,600, ఇంకోచోట 5,931, వేరొకచోట 3,31,312. ఏదో ఒకటే నిజమై మిగతావి తప్పయి ఉంటాయని అనిపిస్తుంది కానీ నాలుగూ ఖగోళ శాస్త్రవేత్తలు 2021 నుంచి ప్రచురించిన జాబితాల్లోవే. మొదటిది 10 పార్సెక్‌ల (ఒక పార్సెక్ అంటే 3.26 కాంతి సంవత్సరాలు) లోపలి లెక్క, రెండోది 20 పార్సెక్‌లది, మూడోది 25, నాలుగోది 100.

గీత ఎక్కడ గీస్తే లెక్క అక్కడిది. అంతవరకు సులువే. కానీ ఈ నాలుగు అంకెలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చిన్న గుణకారం చేస్తే అసలు చిక్కు బయటపడుతుంది.

540లో 77 గ్రహాలు కూడా కలిసున్నాయి. వాటిని తీసేస్తే 460 చిల్లర. దూరం రెట్టింపైతే ఘనపరిమాణం 8 రెట్లవుతుంది కాబట్టి 20 పార్సెక్‌ల లోపల దాదాపు 3,700 ఉండాలి. ఉన్నవి సుమారు 3,600. బాగానే కుదిరింది. ఇప్పుడు 20 నుంచి 25కు వెళ్దాం. ఘనపరిమాణం 1.95 రెట్లు, అంటే దాదాపు 7,000 రావాలి. జాబితాలో ఉన్నవి 5,931. ఇక 100 పార్సెక్‌లకు 20తో పోల్చి 125 రెట్లు వేస్తే నాలుగున్నర లక్షలు రావాలి, దొరికినవి 3,31,312. సూర్యుడి నుంచి దూరం జరిగితే నక్షత్రాలు పలచబడవు, ఇంత చిన్న పరిధిలో అలాంటి తేడా రాదు. పలచబడుతున్నది మన జాబితా.

ఆ తప్పిపోయినవి ఏవి, ఎందుకు తప్పిపోయాయి? దొరికినవాటి గురించి మనకు తెలిసినదెంత?

పార్సెక్ అనే కొలత, దాని వెనుక ఉన్న కోణం

భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంది కాబట్టి ఆరు నెలల తేడాతో చూస్తే దగ్గరి నక్షత్రం, దూరపు నక్షత్రాల మీద కొద్దిగా పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. ఆ జరుగుడులో సగాన్ని పారలాక్స్ అంటారు. దీన్ని ఆర్క్ సెకన్లలో కొలుస్తారు. ఒక ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు, 206 కిలోమీటర్ల అవతల అడ్డంగా పెట్టిన మీటరు కర్ర మన కంటి దగ్గర చేసేంత కోణం. పారలాక్స్ సరిగ్గా ఒక ఆర్క్ సెకను వచ్చే దూరమే ఒక పార్సెక్, అంటే 3.26 కాంతి సంవత్సరాలు. లెక్క చాలా తేలిక: 1ని పారలాక్స్‌తో భాగిస్తే దూరం పార్సెక్‌లలో వచ్చేస్తుంది.

మనకు అన్నిటికంటే దగ్గరున్న ప్రాక్సిమా సెంటారీ పారలాక్స్ 0.768 ఆర్క్ సెకన్లు. 1 ÷ 0.768 = 1.302 పార్సెక్‌లు, 4.25 కాంతి సంవత్సరాలు. అంటే ఒక్క పార్సెక్ లోపల సూర్యుడు తప్ప మరో నక్షత్రం లేదు.

1838లో జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త బెస్సెల్ 61 సిగ్ని అనే నక్షత్రానికి 0.314 ఆర్క్ సెకన్లు కొలిచాడు. నేటి విలువ 0.286. ఆయన ప్రకారం దూరం 10.4 కాంతి సంవత్సరాలు, నిజానికి 11.4. ఆనాటి పరికరాలతో పది శాతం తేడాలో కొట్టడం మామూలు విషయం కాదు.

నేల మీది కొలతలో ఇంకో లోపం ఉంది. పక్కకు జరిగినట్టు చూడడానికి ఆధారంగా తీసుకునే వెనుక నక్షత్రాలు కూడా కాస్త జరుగుతాయి కాబట్టి, వచ్చిన పారలాక్స్ అసలు కంటే తక్కువగా ఉంటుంది. వాటి దూరాన్ని అంచనా వేసి ఆ లోటును మళ్లీ కలపాలి. ఈ బాధను తప్పించింది అంతరిక్షం నుంచి ఆకాశమంతా ఒకేసారి కొలిచే పద్ధతి. 1989లో వెళ్లిన హిప్పార్కస్ ఉపగ్రహం సుమారు 1,18,000 నక్షత్రాలను మిల్లీ ఆర్క్ సెకను స్థాయిలో, అంటే ఆర్క్ సెకనులో వెయ్యో వంతు వరకు కొలిచింది. 2013 డిసెంబరులో వెళ్లిన గాయా అంతరిక్ష టెలిస్కోప్, వెలుగున్న నక్షత్రాలకు 0.02–0.03 మిల్లీ ఆర్క్ సెకన్ల దాకా వెళ్లింది. మసక నక్షత్రాలకు వచ్చేసరికి, 20వ మాగ్నిట్యూడ్ దగ్గర, దాని తప్పు 0.5 మిల్లీ ఆర్క్ సెకన్లకు పెరుగుతుంది. మాగ్నిట్యూడ్ అంటే వెలుగు కొలత. అంకె పెరిగేకొద్దీ నక్షత్రం మసకబారుతుంది, అయిదు అంకెల తేడాకు వెలుగు వంద రెట్లు తగ్గుతుంది.

దగ్గరున్నవే కంటికి ఆనవు

రాత్రి ఆకాశంలో కంటికి కనిపించే చుక్కల్లో ఎక్కువ భాగం దూరపువే, కాకపోతే అవి విపరీతంగా వెలిగేవి. మన పొరుగున ఉన్న నక్షత్రాల్లో అత్యధికం ఎర్ర మరుగుజ్జులు, అంటే చిన్నవి, చల్లనివి, మసకవి. వాటిలో ఒక్కటి కూడా మామూలు కంటికి కనిపించదు. అన్నిటికంటే వెలుగున్న లకాయ్ 8760 కూడా 6.7వ మాగ్నిట్యూడ్ దగ్గర ఆగిపోయింది, కంటి హద్దు 6 చుట్టుపక్కల. ఆల్ఫా సెంటారీ దూరం 1839లోనే ప్రచురితమైంది. దాని పక్కనే ఉన్న ప్రాక్సిమా 11వ మాగ్నిట్యూడ్ కావడంతో 1915 దాకా ఎవరూ దాన్ని గుర్తించలేదు.

అలా దాక్కున్నవి మొన్నమొన్నటి దాకా ఉన్నాయి. 6.5 కాంతి సంవత్సరాల దూరంలోని లూమన్ 16 అనే గోధుమ మరుగుజ్జుల (నక్షత్రంలా హైడ్రోజన్‌ను నిలకడగా మండించలేని వస్తువుల) జంట 2013లో దొరికింది. 7.4 కాంతి సంవత్సరాల దూరంలోని వైజ్ 0855 అనేది 2014లో దొరికింది. దాని ఉష్ణోగ్రత నీరు గడ్డకట్టే స్థాయికి అటూఇటూగా ఉంటుంది. రెండూ పరారుణ కాంతిలో ఆకాశాన్ని చూసిన వైజ్ టెలిస్కోప్ ఫొటోల్లోనే బయటపడ్డాయి.

పారలాక్స్ కొలవాలంటే ముందు ఏ చుక్కను కొలవాలో తెలియాలి కదా. గాయా రాకముందు దానికి వాడిన జల్లెడ స్వీయ చలనం, అంటే ఏళ్ల తరబడి ఆకాశంలో నక్షత్రం నెమ్మదిగా జరిగే తీరు. దగ్గరున్నది ఎక్కువ జరుగుతుంది. కిలోమీటర్లలో అడ్డ వేగం కావాలంటే 4.74ను ఏడాదికి జరిగిన ఆర్క్ సెకన్లతోనూ, పార్సెక్‌ల దూరంతోనూ గుణిస్తే చాలు. బార్నార్డ్ నక్షత్రానికి 4.74 × 10.4 × 1.83, అంటే సెకనుకు 90 కిలోమీటర్లు. దాన్ని పట్టుకోవడం కష్టమేమీ కాదు.

ఈ జల్లెడకు పెద్ద కన్నం ఉంది. నక్షత్రం అడ్డంగా కాకుండా నేరుగా మన వైపు గానీ, మననుంచి దూరంగా గానీ పోతుంటే ఆకాశంలో జరగదు. షోల్జ్ నక్షత్రం అలాంటిదే. 6.8 పార్సెక్‌ల దూరంలో ఉన్నా ఏడాదికి 0.12 ఆర్క్ సెకన్లే జరుగుతుంది. అడ్డ వేగం సెకనుకు నాలుగు కిలోమీటర్లు కూడా లేదు, మననుంచి దూరమయ్యే వేగం మాత్రం 83. పాత స్వీయ చలన జాబితాల్లో బాగా వాడుకలో ఉన్నదానికి హద్దు ఏడాదికి 0.18 ఆర్క్ సెకన్లు. పైగా ఈ నక్షత్రం చుక్కలు కిక్కిరిసిన పాలపుంత పట్టీలో ఉంది. అందుకే 2013 దాకా జారిపోయింది. ఇప్పుడున్న చోటి నుంచి వెనక్కి లెక్కగడితే, సుమారు 70–80 వేల ఏళ్ల క్రితం అది సూర్యుడికి ఒక కాంతి సంవత్సరం దరిదాపుల్లోంచి వెళ్లింది. ప్రాక్సిమా కంటే చాలా దగ్గర!

హద్దు మీద ఉన్నవి లోపలికే ఎందుకు వస్తాయి

25 పార్సెక్‌ల దగ్గర గీత గీశామనుకుందాం. పారలాక్స్‌లో అది 40 మిల్లీ ఆర్క్ సెకన్లు. మన కొలతలో 4 మిల్లీ ఆర్క్ సెకన్ల తప్పు ఉంటే, 36 నుంచి 44 దాకా అసలు విలువ ఉన్న నక్షత్రాలన్నీ గీతను అటోఇటో దాటే ప్రమాదంలో ఉన్నట్టే.

తప్పు రెండు వైపులా సమానమే కాబట్టి వచ్చేవీ పోయేవీ చెల్లుకు చెల్లు అనిపిస్తుంది. లెక్క చేసి చూడండి. 40 నుంచి 36 అంటే 25 నుంచి 27.8 పార్సెక్‌ల పొర. 27.8 ఘనంలోంచి 25 ఘనం తీసేస్తే సుమారు 5,800. 40 నుంచి 44 అంటే 22.7 నుంచి 25 పార్సెక్‌ల పొర. అక్కడ తేడా సుమారు 3,900. గీతకు బయటి పొర లోపలి పొర కంటే ఒకటిన్నర రెట్లు పెద్దది, నక్షత్రాలు కూడా అక్కడే ఎక్కువ. కాబట్టి బయటినుంచి పొరపాటున లోపలికి వచ్చేవి, లోపలినుంచి పొరపాటున బయటికి పోయేవాటి కంటే ఎప్పుడూ ఎక్కువే. 1973లో లట్జ్, కెల్కర్ దీన్ని వివరంగా లెక్కకట్టారు. అదే గాయా తప్పు 0.04 మిల్లీ ఆర్క్ సెకన్లు వేసి చూస్తే రెండు పొరల తేడా అర శాతం కూడా ఉండదు. పాత జాబితాలను పట్టి పీడించిన ఈ జబ్బు ఇప్పుడు ఇంత దగ్గరి నక్షత్రాలకు దాదాపు పోయింది.

పారలాక్స్ లేనప్పుడు రంగును బట్టి అసలు వెలుగును ఊహించి దూరం కట్టే పద్ధతి ఒకటుంది. దానికి జంట నక్షత్రాలు పెద్ద శత్రువులు. ఒకే రకమైన రెండు నక్షత్రాలు అంటుకుని ఒకే చుక్కగా కనిపిస్తే వెలుగు రెట్టింపవుతుంది, రంగు మారదు. లెక్క ప్రకారం దూరం 0.71 వంతుకు పడిపోతుంది. 14 పార్సెక్‌ల అవతల ఉన్న జంట 10 పార్సెక్‌ల లోపల ఉన్నట్టు కనబడుతుంది. ఈ కారణంగానే 10 పార్సెక్‌ల జాబితాను దశాబ్దాలపాటు పోషించిన రెకాన్స్ బృందం ఇలాంటి ఊహా దూరాలను ఒప్పుకోలేదు. నేరుగా కొలిచిన పారలాక్స్ 0.1 ఆర్క్ సెకను దాటాలి, అందులో తప్పు 0.01 లోపు ఉండాలి అన్నది వాళ్ల నియమం.

గాయా పట్టిక నుంచి 12 లక్షలు, జాబితాకు ఎక్కినవి నాలుగో వంతు

గాయా మూడో విడత సమాచారంలోంచి 8 మిల్లీ ఆర్క్ సెకన్ల కంటే ఎక్కువ పారలాక్స్ ఉన్నవాటిని ఏరితే 12 లక్షలకు పైగా వచ్చాయి. ఇందులో 100 పార్సెక్‌ల పొరుగు జాబితాకు ఎక్కినవి 3,31,312. 8 మిల్లీ ఆర్క్ సెకన్లంటే 125 పార్సెక్‌లు కాబట్టి మిగిలినవాటిలో కొన్ని 100 దాటినవి, ఎక్కువ భాగం బూటకపు పారలాక్స్‌లే.

అవి ఎలా పుడతాయి? గాయా గిరగిర తిరుగుతూ ఒకే ప్రాంతాన్ని వేర్వేరు కోణాల్లో అనేకసార్లు దాటుతుంది. కిక్కిరిసిన చోట రెండు చుక్కలు దగ్గరగా ఉంటే, ఒక కోణంలో దాటినప్పుడు ఒకటిగా, మరో కోణంలో రెండుగా కనిపిస్తాయి. ఎవరి కొలత ఎవరిదో తారుమారైతే, లెక్క దాన్ని నక్షత్రం భారీగా జరిగినట్టు అర్థం చేసుకుంటుంది. అందుకే ఇలాంటి బూటకపు చుక్కలు పాలపుంత కేంద్రం వైపు, మెగలానిక్ మేఘాల వైపు గుంపులు కట్టి ఉంటాయి. రెండో విడతలో ఏకంగా ప్రాక్సిమా కంటే ఎక్కువ పారలాక్స్ చూపినవి కూడా వచ్చాయి. వాటిని నమ్మి ఉంటే పాఠ్యపుస్తకాలు తిరగరాయాల్సి వచ్చేది.

వడకట్టడానికి, మంచి కొలతలవీ చెడ్డ కొలతలవీ నమూనాలు చూపించి కంప్యూటర్‌కు శిక్షణ ఇచ్చారు. ఇక్కడే అభిప్రాయాలు రెండుగా చీలతాయి. వడపోత గట్టిగా ఉండాలి, జాబితాలో ఉన్నది నిజమని నమ్మకం కావాలి అనేది ఒక పక్షం. నక్షత్రాల సగటు లక్షణాలు కట్టేవాళ్లకు అది కావాలి. గట్టి వడపోతలో బలయ్యేది ముఖ్యంగా జంట నక్షత్రాలు, ఎందుకంటే తోడు నక్షత్రం లాగుడు వల్ల వాటి కదలిక ఒంటరి నక్షత్రపు లెక్కకు సరిపోదు. ఆ సరిపోని తనాన్ని గాయా ఒక అంకెగా ఇస్తుంది. అది 1 దగ్గర ఉంటే బాగున్నట్టు, 1.4 దాటితే అనుమానించాలి. ఆ గీత దగ్గర కొట్టేస్తే జాబితా శుభ్రమవుతుంది, జంటలు మాయమవుతాయి. జంటల వాటా ఎంత అని పరిశోధించేవాళ్లకు ఆ జాబితా పనికిరాదు. ఏ ప్రశ్నకోసం జాబితా వాడుతున్నామో చూసుకుని వడపోత ఎంచుకోవడం తప్ప ఇందులో ఒక్క సరైన జవాబు లేదు.

రెండో చివర వెలుగు ఎక్కువైనా గాయాకు చిక్కే. 3వ మాగ్నిట్యూడ్ కంటే వెలుగున్నవి దాని కెమెరాను ముంచేస్తాయి. మనకు దగ్గరి వ్యవస్థ అయిన ఆల్ఫా సెంటారీ ఎ, బి నక్షత్రాలు, ఆకాశంలో అన్నిటికంటే వెలిగే లుబ్ధకం, అభిజిత్తు గాయా పట్టికలో లేవు. పొరుగు జాబితా తయారుచేసేవాళ్లు వాటిని వేరే కొలతల నుంచి చేత్తో కలపాలి.

నక్షత్రం అని దేన్ని అనాలి

సూర్యుడి ద్రవ్యరాశిలో 0.075 వంతు కంటే, అంటే దాదాపు 78 గురుగ్రహాల కంటే తక్కువ ఉంటే, హైడ్రోజన్ నిలకడగా మండదు. అదే గోధుమ మరుగుజ్జు. నిర్వచనం స్పష్టంగానే ఉంది, ఆచరణలోనే ఇబ్బంది. వయసులో ఉన్న గోధుమ మరుగుజ్జు వేడిగా ఉండి, వర్ణపటంలో ముసలి ఎర్ర మరుగుజ్జులాగే కనిపించవచ్చు. లిథియం మిగిలి ఉందా లేదా అన్న పరీక్ష కొంత సాయపడుతుంది కానీ అన్నిటికీ చేయలేం.

ఈ నిర్వచనం అంకెలను ఎంత మారుస్తుందో చూడండి. "పొరుగు నక్షత్రాల్లో నాలుగింట మూడు ఎర్ర మరుగుజ్జులు" అని తరచూ చదువుతాం. 20 పార్సెక్‌ల లోపలి తాజా లెక్కలో నాలుగు నక్షత్రాలకు ఒక గోధుమ మరుగుజ్జు చొప్పున ఉన్నాయి. 100 నక్షత్రాల్లో 75 ఎర్రవి అనుకుని, పక్కన 25 గోధుమవి కలిపితే, ఎర్రవాటి వాటా 125కు 75, అంటే 60 శాతానికి దిగుతుంది. ఆకాశంలో ఏమీ మారలేదు, హారం మారిందంతే.

ఒకదానికొకటి కట్టుబడి తిరిగే గుంపులను, అంటే వ్యవస్థలను లెక్కబెట్టాలా, ఒక్కో నక్షత్రాన్నా అనేది ఇంకో తేడా. ఆ 540 నిజానికి 339 వ్యవస్థలు. ప్రాక్సిమా ఆల్ఫా సెంటారీకి కట్టుబడి తిరుగుతోందా, ఊరికే పక్కనుంచి పోతోందా అన్నది చాలాకాలం తేలలేదు. కచ్చితమైన వేగం కొలతలతో 2017లో తేలింది, ఒక చుట్టుకు దాదాపు 5.5 లక్షల ఏళ్లు పడుతుంది. ఆ రోజు వరకు ఇవి ఒక వ్యవస్థా, రెండా అన్నది జాబితా రాసేవాళ్ల ఇష్టం.

ఒక్క వరుస నింపి చూద్దాం: ప్రాక్సిమా

జాబితాలో దూరం మొదటి గడి. మిగతా గడులన్నీ దాని మీద కట్టినవే.

ప్రాక్సిమా కనిపించే మాగ్నిట్యూడ్ 11.13. 10 పార్సెక్‌ల దూరంలో పెడితే ఎంత ఉంటుందనేది నిరపేక్ష మాగ్నిట్యూడ్. దానికి సూత్రం: కనిపించే మాగ్నిట్యూడ్ + 5 + పారలాక్స్ లాగరిథంకు 5 రెట్లు. 0.768 లాగరిథం −0.115. 11.13 + 5 − 0.57 = 15.56. సూర్యుడికి ఇది 4.83. తేడా 10.7 మాగ్నిట్యూడ్‌లు, అంటే ప్రాక్సిమా వెలుగు సూర్యుడిలో దాదాపు 20 వేలో వంతు.

ఇక్కడే చాలామంది జారిపడతారు. ఆ అంకె కంటికి కనిపించే వెలుగుదే. 3,000 కెల్విన్‌ల ఉపరితలం తన శక్తిలో సింహభాగాన్ని పరారుణంలో వదులుతుంది. అన్ని తరంగాలనూ కలిపితే ప్రాక్సిమా సూర్యుడిలో సుమారు 600వ వంతు. ఏ వెలుగు గురించి మాట్లాడుతున్నారో రాయకపోతే ముప్పై రెట్ల తేడా వస్తుంది.

మొత్తం వెలుగు, ఉష్ణోగ్రత తెలిస్తే వ్యాసార్థం వస్తుంది. 600వ వంతు వర్గమూలం 0.041. ఉష్ణోగ్రతల నిష్పత్తి 5,772 ÷ 3,000, దాని వర్గం 3.7. గుణిస్తే సూర్యుడిలో 0.15 వంతు. ఉష్ణోగ్రతలో వంద కెల్విన్‌ల తప్పు జరిగితే వ్యాసార్థం ఆరేడు శాతం కదులుతుంది. ఎర్ర మరుగుజ్జుల వర్ణపటం టైటానియం ఆక్సైడ్ లాంటి అణువుల చారలతో నిండిపోయి ఉంటుంది కాబట్టి ఆ తప్పు జరగడం తేలికే. విడిగా కొలవగలిగిన చోట ఇలాంటి నక్షత్రాల వ్యాసార్థాలు సిద్ధాంత లెక్కల కంటే కొన్ని శాతం పెద్దవిగా వస్తున్నాయి. అయస్కాంత క్షేత్రం వల్లనని కొందరు, అణువుల లెక్కలో లోపమని కొందరు అంటారు. ఇంకా తెగలేదు.

ద్రవ్యరాశికి తోడు కావాలి

ఒంటరి నక్షత్రాన్ని తూచడానికి నేరుగా దారి లేదు. జంటలను తూచి, ఆ సంబంధాన్ని ఒంటరి వాటికి వర్తింపజేస్తారు. లుబ్ధకం దీనికి మంచి ఉదాహరణ. అది వంకరగా జరుగుతోందని గమనించిన బెస్సెల్ 1844లో కనిపించని తోడు ఉందన్నాడు. 1862లో ఆ తోడు కంటపడింది, అది ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన తెల్ల మరుగుజ్జు.

ఆ రెండూ 50.1 ఏళ్లకు ఒకసారి తిరుగుతాయి. కక్ష్య సగటు వ్యాసార్థం ఆకాశంలో 7.5 ఆర్క్ సెకన్లు. దూరం 2.64 పార్సెక్‌లు. గుణిస్తే 19.8, అంటే భూమి–సూర్యుడి మధ్య దూరానికి 19.8 రెట్లు. కెప్లర్ నియమం ప్రకారం దీని ఘనాన్ని కాలం వర్గంతో భాగించాలి: 7,760 ÷ 2,510 = 3.09. రెండింటి ద్రవ్యరాశి కలిపి మూడు సూర్యుళ్లు. విడగొడితే లుబ్ధకం రెండు చిల్లర, తోడు ఒకటి.

దూరం ఇక్కడ ఘనంగా వస్తుందని గమనించండి. దూరంలో 5 శాతం తప్పు ద్రవ్యరాశిలో 16 శాతం అవుతుంది. మొదటి గడి వంకర అయితే చివరి గడిదాకా వంకరే.

అన్నిటికంటే బలహీనమైన గడి వయసు

ఎర్ర మరుగుజ్జు వందల కోట్ల ఏళ్లు గడిచినా దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి దాన్ని చూసి వయసు చెప్పలేం. వయసు పెరిగేకొద్దీ భ్రమణం నెమ్మదిస్తుందనే సూత్రం వాడతారు. సూర్యుడి లాంటి వాటికి అది బాగానే పనిచేస్తుంది, ఎర్రవాటికి గురి తప్పుతుంది. ప్రాక్సిమాకు సుమారు 500 కోట్ల ఏళ్లు అని చెప్పగలగడానికి కారణం దాని సొంత లక్షణాలు కావు, ఆల్ఫా సెంటారీతో కలిసి పుట్టిందన్న నమ్మకం.

భ్రమణం తెలియకపోతే గ్రహాల వేట కూడా దెబ్బతింటుంది. బార్నార్డ్ నక్షత్రానికి 233 రోజుల గ్రహం ఉందని 2018లో ప్రకటించారు. 2021లో మరో బృందం అది నక్షత్రం తన చుట్టూ తాను తిరగడం, మచ్చలు కలిసి సృష్టించిన సంకేతమని వాదించింది. 2024లో మూడు రోజుల చిల్లర కాలంతో వేరే చిన్న గ్రహం దొరికింది, 2025లో మొత్తం నాలుగు అని తేలింది.

రాబోయే విడతలో మారేవి, మారనివి

గాయా 2025 జనవరిలో పరిశీలన ఆపింది. నాలుగో విడత సమాచారం 2026 డిసెంబరుకు రావాలన్నది ప్రణాళిక. మూడో విడత 34 నెలల కొలతల మీద నిలబడింది, ఇది 66 నెలల మీద నిలబడుతుంది. ఈ తేడా జంటలకు చాలా కీలకం. తోడు నక్షత్రం ఏడాదికి దగ్గరగా ఒక చుట్టు వేస్తే, ఆ ఊగుడు అచ్చం పారలాక్స్‌లా కనిపించి దూరాన్ని చెడగొడుతుంది. అయిదున్నరేళ్ల కొలతల్లో ఆ రెంటినీ విడదీయడం సులువవుతుంది. విడివిడి కొలతలు కూడా బయటకు వస్తాయి కాబట్టి, అనుమానించి పక్కన పెట్టిన చుక్కలను ఎవరైనా మళ్లీ తీసి చూడవచ్చు.

చల్లని గోధుమ మరుగుజ్జుల గడులు మాత్రం గాయా నింపలేదు. దాని కెమెరా కంటికి కనిపించే కాంతిని, దానికి కాస్త అవతలి ఎరుపును మాత్రమే చూస్తుంది. వైజ్ 0855 లాంటిది తన వెలుగును ప్రధానంగా 5 మైక్రాన్ల చుట్టూ ఇస్తుంది. మనకు నాలుగో దగ్గరి వ్యవస్థ అయిన దాని పారలాక్స్‌ను ఇప్పటికీ స్పిట్జర్ కొలతల మీద ఆధారపడి రాస్తున్నారు. ఆ టెలిస్కోప్‌ను 2020 జనవరిలో ఆపేశారు, దాన్ని మొదట పట్టించిన వైజ్ కూడా 2024లో పని ముగించింది.